మగ్గము మగ్గమును కనునా?

షోలాపురము దుప్పటిని ఎరుగని తెలుగిల్లు అరుదు. ఆ దుప్పటిని నేసిన చేతులలో పెక్కు తెలుగువారి చేతులే యను సంగతి మాత్రము చాలమందికి తెలియదు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఇచ్చట నూలుమిల్లులు వెలసిన నాటినుండి కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము సీమల పద్మశాలి కుటుంబములు కరవులకు తాళలేకయు, కూలిని ఆశించియు వలసవచ్చి పట్టణపు తూర్పు భాగమున నిలిచినవి. పెద్ద మిల్లులు ఒకటొకటిగా మూతపడినవి; మరమగ్గములు మిగిలినవి. మగవారు దుప్పట్లు, టర్కీ తువాళ్ళు నేయుచుండగా ఆడువారు కండెలు చుట్టిరి, బీడీలు చుట్టిరి. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయుని రథము వీధులలో కదలునప్పుడు ఇది మహారాష్ట్రమా, తెలంగాణమా యని క్రొత్తవారు విస్తుపోవుదురు. ఇంటిలోపల తెలుగు, గడప దాటినచో మరాఠీ. తరతరములుగా ఇదియే మా బ్రతుకు.

ఇట్టి ఊరిలో మేము ముప్పదియేండ్లకు పైగా మరాఠీ మాధ్యమమున జీవశాస్త్రము బోధించి ఉద్యోగ విరమణ చేసితిమి. ఆ పిమ్మట ఇరుగుపొరుగు పెద్దలు కోరగా ఆదివారము ఉదయమున రెండు గంటలసేపు పిల్లలకు తెలుగు నేర్పుటకు పూనుకొంటిమి. అందరును ఇంట తెలుగు మాటలాడు పిల్లలే గాని ఒక్కరికిని తెలుగు లిపి రాదు. అక్షరములు నేర్చిరి, గుణింతములు నేర్చిరి. ఆపైన ఏమి చదివింపవలెనో మాకే దిక్కు తోచకుండెను. "తెలుగు నేర్చుకుంటె పరీక్షల ఏం పనికొస్తది సారూ?" అని ఒక బాలుడు అడిగినప్పుడు మేము చెప్పిన సమాధానము మాకే నచ్చలేదు. ఆ తరగతిలో జరిగిన ఒక చిన్న సంగతిని, దానివలన మాకు తెలిసివచ్చిన మా పొరపాటును ఈ సంచిక చదువరులతో చెప్పుకొనవలెనని యీ వ్యాసము.

ఒక ఆదివారము ఎనిమిదవ తరగతి బాలిక యొకతె పెద్ద అట్టనొకదానిని చంకనిడుకొని వచ్చెను. బడిలో పేశి పాఠము జరుగుచున్నదట. మనము తెలుగులో కణమను దానిని మరాఠీలో పేశి యందురు. దానిని ఒక నగరముతో పోల్చి పటము గీయుడని ఇంటిపని యిచ్చిరట. ఆమె ఫోనులో చూచి అందముగా గీసినది. కేంద్రకము నగరాధ్యక్షుడు, మైటోకాండ్రియా విద్యుత్కేంద్రము, గాల్జి సంక్లిష్టము తపాలా కార్యాలయము, లైసోజోము చెత్తబండి. రంగులు బాగున్నవి.

మేము ఊరక, "నగరాధ్యక్షుడు ఏమి చేయునమ్మా?" అని అడిగితిమి.

ఆమె కొంతసేపు ఆలోచించి, "బ్యానర్ల మీద ఫోటో ఉంటది సారూ" అనెను. తరగతియంతయు నవ్వెను. విద్యుత్కేంద్రము చూచితివా యంటిమి. చూడలేదు. తపాలా కార్యాలయము లోపల ఉత్తరములను ఏమి చేయుదురంటిమి. తెలియదు. ఆమె ఎరిగినంతలో వారి ఇంటికి ఉత్తరమే రాలేదు.

ఉపమాలంకారమునకు ఉపమేయము, ఉపమానము, సమానధర్మము, ఉపమావాచకము అని నాలుగు అంగములను మన లాక్షణికులు చెప్పిరి. ముఖమును చంద్రునితో పోల్చిన కవి, చంద్రుని చూడని శ్రోత యుండునని ఊహింపలేదు. తెలిసినదానిని చూపి తెలియనిదానిని తెలుపుటకే గదా పోలిక! ఈ బాలికకు కేంద్రకము ఎంత తెలియునో నగరాధ్యక్షుడును అంతే తెలియును. ఒక చీకటిగదికి మరియొక చీకటిగది దారి చూపినట్లయినది. తప్పు పిల్లది కాదు. మేమును ముప్పదియేండ్లు ఇట్టి పోలికలనే నల్లబల్లమీద వ్రాసి, పిల్లలచేత వ్రాయించి, మార్కులు వేసితిమి.

ఆనాడు నల్లబల్లపై నాలుగు గడులు గీసితిమి. మొదటి గడిలో కణములోని భాగము, రెండవదానిలో అది దేనివలె నున్నదో ఆ వస్తువు, మూడవదానిలో ఏ పనిలో ఆ రెంటికి పోలికయో ఆ మాట. నాలుగవ అంగమైన 'వలె' అన్నిటికిని ఒకటియే గనుక దానిని విడిచి, ఆ గడికి 'తెగుచోటు' అని పేరు పెట్టితిమి. నూలుపోగు బలమెంతో తెలియవలెనన్న తెగువరకు లాగి చూడవలెను. పోలికయును అంతే. ఎచ్చట తెగునో అచ్చట వ్రాయవలెను. ఇక నియమ మొక్కటే. రెండవ గడిలోని వస్తువు మీ ఇంటనో, మీ సందులోనో మీరు కన్నులార చూచినదై యుండవలెను. ఇంట పెద్దల నడిగి దాని తెలుగు పేరు వ్రాసికొని రావలెను.

మొదటి చిక్కు పేరుతోనే వచ్చినది. మరాఠీ బడిలో కణ మనగా రేణువు. "గింత పని జేసేదానికి దుమ్ము పేరు పెట్టిండ్రేంది సారూ?" అని ఒకడు. మేము వారికి రాబర్ట్ హుక్ కథ చెప్పితిమి. ఆయన 1665లో బెండు ముక్కను పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూచి, తేనెపట్టువలె నున్న చిన్న చిన్న గదులను కనుగొని వానికి 'సెల్' అను పేరు పెట్టెను. ఆ మాటకు చిన్నగది యని యర్థము. కావున ఆంగ్లేయుని పేరును పోలికయే, మన పేరును పోలికయే. ఆయన గదిని చూచెను, మనవారు రేణువును చూచిరి. మరి హుక్ పోలిక ఎచ్చట తెగినది? బెండులోని కణములు ప్రాణము పోయినవి. ఆయనకు కనబడినవి గోడలు మాత్రమే. గది యనగానే గోడలు తలపునకు వచ్చును. లోపలి కాపురము తలపునకు రాదు. కణమునకు కేంద్రకము సామాన్యముగా నుండునని గుర్తించి రాబర్ట్ బ్రౌన్ దానికి పేరు పెట్టుటకు 1831 వరకు ఆగవలసివచ్చినది.

మరాఠీ మాట యొకటి మాకు మిక్కిలి సహాయపడినది. మైటోకాండ్రియాను మరాఠీలో తంతుకణికా యందురు. తంతు వనగా పోగు, కణిక యనగా చిన్న గింజ. కార్ల్ బెండా 1898లో పెట్టిన గ్రీకు పేరునకు ఇది సరిగా తెనిగింపువలె నున్నది. గ్రీకున 'మైటోస్' అనగా దారము. కణములు కలసి ఏర్పడినదానిని మనము కణజాల మనుచున్నాము. దానికి పాశ్చాత్యులు వాడు 'టిష్యూ' అను మాట ఫ్రెంచి భాషలో నేసిన గుడ్డకు పేరు. ఈ సంగతి చెప్పగానే తరగతి నిశ్శబ్దమయినది. "అంటె గీ సైన్సోళ్ళు గూడ మన పనే జూసిండ్రు" అని వెనుకవరుస బాలుడు మెల్లగా ననెను. నేతపని బీదపని యని తలవంచుకొను పిల్లలు తలలెత్తుట మేము చూచితిమి.

మరుసటి ఆదివారము అందరును కాగితములు నింపుకొని వచ్చిరి. వానిలో కొన్ని చెప్పెదము.

కణత్వచమునకు ఒక బాలిక తన నాయనమ్మను పోల్చినది. ఆ ముసలమ్మ పొద్దంతయు అరుగుమీద కూర్చుండి, ఎవరిని లోపలికి పోనీయవలెనో, ఎవరిని బయటనే మాటలాడి పంపవలెనో, ఇంటినుండి ఏ వస్తువు బయటకు పోవచ్చునో చూచుచుండును. కణత్వచము చేయునది సరిగా ఆ పనియే. నీరు, ప్రాణవాయువు మొదలగువానికి అడ్డు తక్కువ. చక్కెరకు, లవణములకు ప్రత్యేకమైన ద్వారములు గలవు. తెగుచోటు గడిలో ఆమె, "నాయనమ్మ నిదురపోవును, త్వచము నిదురపోదు" అని వ్రాసినది. మేము ఇంకొకటి చేర్చితిమి. అరుగు ఒకచోటనే యుండును. త్వచము ఇంటిచుట్టును ఉండి, నీటిమీది నూనెపొరవలె కదలుచుండును.

మొక్క కణములోని రిక్తికకు ఒకడు నీళ్ళడ్రమ్ము అని వ్రాసెను. కొళాయిలో నీరు నాలుగైదు దినముల కొకసారి వచ్చు రోజులను ఎరిగిన ఊరివారికి డ్రమ్ము విలువ చెప్పనక్కరలేదు. అతని తెగుచోటు మాకు నచ్చినది. "డ్రమ్ము ఖాళీ అయితే ఇల్లు వంగది. రిక్తిక ఖాళీ అయితే మొక్క వంగుతది." నీరు పోయనినాడు తులసిమొక్క ఏల వాలిపోవునో అతనికి ఇక ఎవరును చెప్పనక్కరలేదు.

దుప్పటి నేయు ఇంటి బాలుడొకడు అన్నిటికంటె పెద్ద పోలిక తెచ్చెను. దుప్పటిమీది పూవు మొదట గళ్ళకాగితముపై గీయబడును. ఆ కాగితమును చూచి అట్టలకు రంధ్రములు పొడుతురు. ఆ అట్టలు దండగా జకార్డు యంత్రముపై తిరుగుచుండగా, ఏ పడుగుపోగు లేవవలెనో, ఏది అణగియుండవలెనో రంధ్రములే తెలుపును. ఇప్పుడు ఎలక్ట్రానిక్ జకార్డులును వచ్చినవి గాని, అట్టల దండను చూచినవారు ఇంటింటను ఉన్నారు. గళ్ళకాగితము పెట్టెలోనే యుండును. మగ్గముకడకు వచ్చునది దాని నకలు. కణమునందును మూలప్రతియైన డీఎన్ఏ కేంద్రకములోనే యుండును. దాని నకలైన ఆర్ఎన్ఏ వెలుపలికి వచ్చి రైబోజోమును చేరును. రైబోజోము మగ్గము, ఇరువది రకముల అమైనో ఆమ్లములు నూలు, నేయబడిన ప్రోటీను గుడ్డ. పిమ్మట గాల్జి సంక్లిష్టమున సవరించి, చీటి కట్టి, ఎచ్చటికి పోవలసినది అచ్చటికి పంపుదురు. ఆ పని తన తల్లిదని అతడు వ్రాసెను.

ఇంతవరకు బాగున్నది. అతని కాగితము చివర కేంద్రకమున కెదురుగా 'మాలిక్' అని యున్నది. దాని తెగుచోటు గడి ఖాళీగా నున్నది. ఆ ఖాళీగడిని చూడగానే మాకు ఎన్నడో జరిగిన సంగతి జ్ఞప్తికి వచ్చి మనసు చివుక్కుమన్నది.

మేము ఉద్యోగములో చేరిన క్రొత్తలో కణమును కార్ఖానాతో పోల్చి పాఠము చెప్పుచుండగా, మరమగ్గముల కూలివాని కొడుకొకడు లేచి, "సారూ, గీ కార్ఖానకు మాలిక్ ఎవరు?" అని తెలుగులో అడిగెను. తరగతిలో తెలుగు మాటలాడినందుకు మందలించితిమి. ప్రశ్నకు మాత్రము, కేంద్రకమే యజమాని, తక్కినవన్నియు అది చెప్పినట్లు చేయును, కూర్చుండుమంటిమి. అతడు, "మాలిక్ సచ్చిపోతె పని నడుస్తదా?" అని మరల అడిగెను. అది పరీక్షలో రాదంటిమి. అతడు కూర్చుండెను. ఆపైన ఏ ప్రశ్నయు అడుగలేదు. మరుసటి సంవత్సరము బడికి రాలేదు. పేదరికమే దానికి కారణము కావచ్చును. అయినను ఆ నోరు మూయించినవారము మేమే.

అతని ప్రశ్నకు ఉత్తరము అప్పటికే శాస్త్రమున నున్నది. మన నెత్తురులోని ఎఱ్ఱకణమునకు కేంద్రకము లేదు. అది పుట్టునప్పుడు ఉండి, పనిలో చేరుటకు ముందే తొలగిపోవును. కేంద్రకము లేకయే ఆ కణము సుమారు 120 దినములు ప్రాణవాయువును మోయుచు దేహమంతయు తిరుగును. కావున మాలిక్ పోయినను పని నడచును. కాని దానికి క్రొత్త ప్రోటీను నేయు శక్తి లేదు, రెండుగా చీలు శక్తి లేదు, చిరిగినచోట అతుకు వేసికొను శక్తియు మిక్కిలి తక్కువ. ఉన్న గుడ్డతోనే కాలము గడుపును. ఇక కేంద్రకము ఉన్న కణములలోనైనను అది ఆజ్ఞలిచ్చు యజమాని కాదు. ఏ నమూనాను ఎప్పుడు తీయవలెనో కణములోపలినుండి, వెలుపలినుండి వచ్చు సూచనలను బట్టి నిర్ణయమగుచుండును. గళ్ళకాగితము ఎంత విలువైనదైనను తనంత తాను ఒక్క పోగునైనను కదల్పదు గదా! ఈ మాటలన్నియు ఆనాడే రెండు నిమిషములలో చెప్పదగినవి. ఈ పిల్లలకు మాత్రము చెప్పితిమి. మాలిక్ అను మాటను కొట్టివేసి ఆ బాలుడు 'నమూనాపెట్టె' అని వ్రాసికొనెను.

శక్తి విషయమున విద్యుత్తు పోలిక అందరును తెచ్చిరి. కరెంటు పోయినచో మగ్గము ఆగునని వారికి తెలియును. ఒక బాలిక మాత్రము వేరు పోలిక తెచ్చినది. ఆమె తల్లి బీడీలు చుట్టును. "మా అమ్మ కూలి ఇంట్ల నిలవది సారూ. వచ్చినప్పుడే పోతది" అనెను. మేము ఆశ్చర్యపడితిమి. కణములో శక్తిని చేతులు మార్చు నాణెము ఏటీపీ యను పదార్థము. అది దేహమున ఏ క్షణమున చూచినను కొద్దిపాటియే యుండును. అయినను ఒక మనిషి ఒక్క దినమున తన బరువుకు ఇంచుమించు సమానమైన ఏటీపీని చేసి, వ్యయముచేసి, మరల చేయుచుండును. నిలువ లేదు, రాకపోకలే బ్రతుకు. ఆ తల్లి కూలిని మించిన పోలిక ఏ పాఠ్యపుస్తకమునను మేము చూడలేదు. ఆ ఏటీపీని 1929లో కండరములనుండి వేరుచేసి చూపినవారిలో మన భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారొకరు. ఆయన అప్పుడు అమెరికాలో హార్వర్డున సైరస్ ఫిస్కేతో కలసి పని చేయుచుండిరి. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని కనుగొనెను. సుబ్బారావు గారి పేరు మా పిల్లలలో ఒక్కరును వినియుండలేదు. ఆ పేరును తెలుగులో నల్లబల్లపై వ్రాయించితిమి. అది వారు తప్పులేకుండ వ్రాసిన మొదటి పెద్ద పేరు.

కొన్ని వారములు గడచిన పిమ్మట పిల్లల పటములను పెద్దలకు చూపింపవలెనని తలచి, ఇండ్లవారిని తరగతికి పిలిచితిమి. అట్టతో మొదట వచ్చిన బాలిక నాయనమ్మ కూడ వచ్చినది. చిన్నతనమున కండెలు చుట్టి, పిదప బీడీలు చుట్టి, ఇప్పుడు కన్నులు సరిగా ఆనక ఇంట నుండు ముసలమ్మ ఆమె. మనుమరాలి బడిచదువులో ఒక్క ముక్కయు ఆమెకు అంతవరకు తెలియదు. పుస్తకము మరాఠీ, చదువునప్పుడు పిల్ల మరాఠీలోనే గొణుగుకొనును. ఆనాడు ఆ పిల్ల పటము ముందర నిలిచి, తన నాయనమ్మకు తెలుగులో చెప్పుటకు మొదలుపెట్టినది.

కేంద్రకము కడకు వచ్చి, "దీంట్ల రెండు మీటర్ల పొడుగు దారం ఉంటది నాయినమ్మా" అన్నది. మనిషి కణమొక్కటిలోని డీఎన్ఏ పోగులన్నిటిని వరుసగా జోడించినచో సుమారు రెండు మీటర్లగును. అది మిల్లీమీటరులో వెయ్యింట ఆరు వంతుల వెడల్పుగల కేంద్రకములో ఇమిడియుండును.

ముసలమ్మ వెంటనే, "కండె సుట్టకుంటె సిక్కు పడదా బిడ్డా?" అని అడిగినది.

మేము లేచి నిలుచుంటిమి. 1974లో రోజర్ కోర్న్‌బర్గ్ ప్రతిపాదించిన విషయము ఆ ప్రశ్నలోనే యున్నది. డీఎన్ఏ దారము హిస్టోనులను ప్రోటీను ఉండలపై, ఒక్కొక్క ఉండకు రెండు చుట్లకు కొంచెము తక్కువగా చుట్టుకొని యుండును. అట్టి ఉండలు కోట్లకొలది. మేము ఈ సంగతి చెప్పగా ఆమె తల ఊపి, "కండె ఊకె సుట్టుడు కాదు సారూ. నాడె పోయినకొద్ది ఎంత గావాల్నో గంతే ఊడాలె. ఎక్కువ ఊడితె సిక్కు, ఊడకుంటె తెగుడు" అని వివరించినది. కణమునందును చదువవలసిన భాగము మాత్రమే వదులగును, తక్కినది చుట్టుకొనియే యుండును. ఆమె చెప్పినది నేతపని. మేము విన్నది జీవశాస్త్రము. పిల్లలు ఒకసారి ఆమె ముఖమును, ఒకసారి మా ముఖమును చూచుచుండిరి.

అంతలో ఆమె పటమునంతయు ఒకసారి తడిమి చూచి, "అన్ని బాగనే ఉన్నయి గని, గీ మగ్గాన్ని ఎవరు జేసిండ్రు?" అని అడిగినది. ఎవరును చేయలేదు, ముందున్న కణమే రెండుగా చీలి ఇది యయినదని మనుమరాలు చెప్పినది. ముసలమ్మ నవ్వి, "మగ్గం మగ్గాన్ని కంటదా బిడ్డా? నేను డెబ్బై ఏండ్ల నుంచి జూస్తున్న, ఎన్నడు కనలే" అన్నది.

తెగుచోటు అది. మేము పిల్లలచేత గీయించిన పటములన్నియు ఆ ఒక్క ప్రశ్నతో తెగినవి. మగ్గమును వడ్రంగి చేయును, నేతగాడు నడుపును, యజమాని ఏలును. కణమునకు ఆ ముగ్గురును లేరు. అది తన్ను తాను చేసికొనును, తన్ను తాను నడుపుకొనును, తనవంటిదానిని కనును. ప్రతి కణమును మరియొక కణమునుండియే పుట్టునని రాబర్ట్ రెమాక్ పరిశోధించి చెప్పగా, రుడాల్ఫ్ విర్ఖో 1855లోను, 1858లో తన గ్రంథమునను దానిని లోకమునకు చాటెను. చీలుటకు ముందు కణము తన దారములను రెండింతలు చేసికొని, రెండు పిల్లకణములకు సరిసమానముగా పంచును. ఆ క్రమమును వాల్టర్ ఫ్లెమింగ్ 1882లో వర్ణించి, దానికి 'మైటోసిస్' అని పేరు పెట్టెను. మరల ఆ 'మైటోస్' మాటయే, మరల దారమే. ఈ సంగతులను మేము ముప్పదియేండ్లు చెప్పినవారమే. కాని ఒక రోజున కార్ఖానా యనియు, మరియొక రోజున విభజన యనియు వేరు పాఠములుగా చెప్పితిమి. ఈ రెండును ఒకదానితో నొకటి పొసగవని మాకు తోచలేదు. పొసగని చోటనే ప్రాణమున్నదని ఆ ముసలమ్మ చూపినది.

ఆ రాత్రి మాకు మాలిక్ ఎవరని అడిగిన బాలుడు మరల జ్ఞప్తికి వచ్చెను. అతడును పోలికను తెగువరకు లాగినవాడే. ఆనాడు ఆ ప్రశ్నను వినియున్నచో తరగతి ఎట్లుండెడిదో! అతడు తెలుగులో అడుగుట కూడ ఊరక జరిగినది కాదని ఇప్పుడు తోచుచున్నది. అప్పగించిన పాఠమును పిల్లవాడు బడిభాషలో అప్పగించును. సందేహము వచ్చినప్పుడు ఇంటిభాషలో అడుగును. ఆ భాషను మందలించి మేము అతని సందేహమునే మందలించితిమి. అతడు ఇప్పుడు ఎచ్చట నున్నాడో మాకు తెలియదు. ఈ వ్యాసము అతని కంటబడునను ఆశయు లేదు. అతనికి తెలుగు చదువుట నేర్పినవారెవరు?

మరాఠీ మాకు అన్నము పెట్టిన భాష. పిల్లలు పరీక్షను దానిలోనే వ్రాయవలెను, చక్కగా వ్రాయవలెను. తంతుకణికా యను మాట మాకెంత మేలు చేసినదో పైన చెప్పితిమి. తెలుగును దానికి పోటీగా నిలుపవలెనని మా యభిప్రాయము కాదు. ఇంటిభాష వంటింటికిని, అలుకలకును, జాతరలకును మాత్రమే చాలునని మనమే తీర్మానించి, చదువును దాని గడప దాటనీయకుండ నుంచితిమి. తాతలకు తెలిసినది మనుమలకు తెలియదు, మనుమలు చదివినది తాతలకు తెలియదు. నడుమ నున్న మనము రెండువైపులకును మాట అందించుట మానివేసితిమి. భాష పోవుట యనగా ఇట్లే పోవునని మాకు తోచుచున్నది.

ఈ సంచిక చదువు సోదరులలో బరంపురము పట్టుమగ్గముల నడుమ పెరిగినవారుందురు. యానాములో గోదావరి పడవలను చూచి పెరిగినవారుందురు. బళ్ళారిలో, హోసూరులో, చెన్నపట్టణములో మూడు నాలుగు తరములుగా నిలిచినవారుందురు. మీ పిల్లలును ఏదో యొక తరగతిలో ఈ కణపాఠమును చదువుచునే యుందురు. ఏ భాషలో చదివినను సరే, ఒక సాయంకాలము వారిని కూర్చుండబెట్టి అది దేనివలె నున్నదో మీ ఇంటి మాటలలో చెప్పుమనుడు. ఇంటిలోని పెద్దవారిని ప్రక్కన కూర్చుండబెట్టుడు. పోలిక ఎచ్చట తెగునో వారిని అడుగుడు. మీకు జీవశాస్త్రము రాకున్నను నష్టము లేదు. ఆ ముసలమ్మకును రాదు.

మరుసటి ఆదివారము ఆ బాలిక తన నాయనమ్మ పంపినదని ఒక పాత కండెను తెచ్చి మాకిచ్చినది. ఎన్నియేండ్లనాటిదో, కఱ్ఱ నున్నబడి నల్లబడినది. నూలు మాత్రము క్రొత్తగా చుట్టబడియున్నది. చూపు సరిగా లేకున్నను ముసలమ్మ తానే చుట్టినదట. దానిని తరగతిగదిలో సూక్ష్మదర్శిని ప్రక్కన నుంచితిమి. బాలిక దానికొక చీటి కట్టినది. పైన మరాఠీలో, క్రింద తెలుగులో, ఇంకను కుదురుకొనని గుండ్రని అక్షరములతో 'కండె' అని వ్రాసి, తెగుచోటు కొఱకు ఒక ఖాళీగడి విడిచినది.